ఉడకబెట్టిన నక్షాలు

మా ఇల్లు రెండు ముక్కలైన ఏడాది, పంపకాల్లో కంప్యూటర్ నాకు వచ్చింది, దాని తాళం మా అన్నకు పోయింది. నవ్వేవాళ్లు నవ్వండి. కంప్యూటర్‌కు తాళమేమిటని మమ్మల్ని కన్న మా అవ్వ కూడా మొదట్లో నవ్వింది. అగ్గిపెట్టెంత బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క అది. కంప్యూటర్ వెనకాల ప్రింటరు తీగ పెట్టే చోట దాన్ని దోపి మరలు బిగిస్తారు. అది ఉంటేనే నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. లేకపోతే తెర మీదికి ఒక చిన్న డబ్బా వచ్చి మర్యాదగా పొమ్మంటుంది.

ఇప్పుడు ఆ కంప్యూటర్ మా ముందరి అర్రలో మూలకు పడి ఉంది. దాని కడుపులో మా బాపు జీవితమంతా కొలిచిన కొలతలు ఉన్నాయంటారు. ఉన్నాయో లేవో చూసే దారి లేదు. దాని నెత్తిన అవ్వ మామిడితొక్కు జాడీ పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ యంత్రం మా ఇంటికి చేసిన మేలు అదొక్కటే.

ఇది తొంభైతొమ్మిది నాటి గానుగ సీజన్ సంగతి.

మా బాపు పోశయ్య బోధన్ చుట్టుపక్కల చెరుకు మిల్లులకూ బియ్యం మిల్లులకూ విడిభాగాల నక్షాలు గీసేవాడు. ఆ నక్షా పట్టుకుపోతే నిజామాబాద్ లేత్ దుకాణంలో భాగం చేసి ఇచ్చేవాళ్లు. నేను ఎనిమిదిలో బడి మానేసి బాపు బల్ల పక్కన కూర్చున్నవాణ్ణి. బయటి మాటలూ బేరాలూ మా అన్న దేవదాస్ చూసేవాడు. ఇస్త్రీ అంగీ, జేబులో పెన్ను, నోట్లో తియ్యని మాట. ఆదివారం చర్చిలో ముందు వరస.

మాకు అన్నం పెట్టింది ముఖ్యంగా ఎడపల్లి దాటాక ఉండే ఒక ఖండసారి చక్కెర మిల్లు. దాని యంత్రాలను సేటు మహారాష్ట్ర నుంచి పాతవే కొనుక్కొచ్చాడు. చెరుకు పిండే రోలర్ల మెడలు సీజన్‌లో అరుగుతాయి. ఎండాకాలం మిల్లు ఆపి, ఆ మెడలను లేత్ మీద పెట్టి నునుపు చేస్తారు. అంటే ఏటేటా మెడ కాస్త సన్నబడుతుంది. ఆ మెడ తిరిగే ఇత్తడి తొడుగును బుష్ అంటారు, దాని బెజ్జం కూడా ఏటేటా కాస్త చిన్నది కావాలి. అంత చిన్న తేడాకు నక్షా అంతా మళ్లీ ఎవడు గీస్తాడు? బాపు బ్లేడుతో పాత అంకెను గీకేసి, అదే జాగాలో కొత్త అంకె రాసేవాడు. బొమ్మ మిల్లు కొన్ననాటిది, అంకె ఈ ఏటిది. ‘స్కేలు పెట్టి కొలవరాదు, రాసిన అంకె ప్రకారమే చేయవలెను’ అని ప్రతి నక్షా అడుగునా ఉండేది. లేత్‌వాళ్లకు ఆ సంగతి తెలుసు. గొడవెప్పుడూ రాలేదు.

ఆ నక్షాలు ట్రేసింగ్ గుడ్డ మీద ఉండేవి. గంజి పట్టించి గాజులా నునుపు చేసిన సన్నటి గుడ్డ అది. పని తీరిన నక్షాను సోడా వేసి ఉడకబెడితే గంజి వదిలి, సిరా వదిలి, పట్టులాంటి మెత్తటి తెల్లగుడ్డ మిగులుతుంది. నక్షాలు గీసేవాళ్ల ఇళ్లల్లో ఇది పాత అలవాటే. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లగాడికీ మొదటి అంగీ ఏదో ఒక మిల్లు పాత నక్షాయే. కంప్యూటర్ కొన్నాక నేను నక్షాలన్నీ ఒక్కొక్కటే అందులోకి ఎక్కించాను. ఎక్కించినవాటిని ఎక్కించినట్టే అవ్వ ఉడకబెట్టింది.

కంప్యూటర్‌లో కూడా మేము బాపు పద్ధతే పెట్టుకున్నాం. అందులో గీత గీస్తే దాని కొలత అదే రాసుకుంటుంది. ఆ కొలత మీద నొక్కి మనకు కావలసిన అంకె టైపు చేస్తే అదే నిలుస్తుంది. బ్లేడు పని లేదు. ఎండాకాలం బాపు మిల్లులో మెడలు కొలిచి, పక్కనున్న గోడ మీద చాక్‌పీసుతో అంకెలు రాసేవాడు. నేను చూసి వచ్చి ఎక్కించేవాణ్ణి. దసరా ముందు మిల్లు గోడలకు సున్నం కొట్టేవాళ్లు. అంకెలు కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాక గోడ ఎవడికి కావాలి?

ఆ వానాకాలంలో లక్ష్మీరాజం మా వాకిట్లోకి వచ్చాడు. నిజామాబాద్ బస్టాండు దగ్గర మేడమీద వాడికి కంప్యూటర్ల దుకాణం ఉంది. అత్తరు వాసన మనిషికన్నా ముందే లోపలికి వచ్చింది. నోట్లో వక్కపలుకు, చంకలో తోలు సంచి. బాపు కాళ్లకు వంగి దండం పెట్టాడు. మా ఇంట్లో కాళ్లకు దండం పెట్టే అలవాటు లేదు. బాపు కంగారుపడి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“పోశయ్య బాపూ, మీరు పెద్దోళ్లు. మీ ఇంటికి పోలీసులొస్తే నాకు మనసున పట్టది” అన్నాడు.

“పోలీసులెందుకొస్తరు బిడ్డా? నేను గీతలు గీస్తున్న గని సారా కాస్తలేను గదా” అన్నాడు బాపు.

“మీరు వాడే సాఫ్ట్‌వేర్ దొంగది బాపూ. హైదరాబాద్‌ల దుకాణాలకు దుకాణాలు సీలేస్తున్నరు. మొన్న ఒకాయన్ని ఒంటి మీద అంగీ లేకుండ జీపెక్కిచ్చిండ్రు.”

మా సాఫ్ట్‌వేర్ దొంగదే. అప్పట్లో ఎవడిది కాదు? ఎవరో ఫ్లాపీల్లో తెచ్చి ఇచ్చారు, వేసుకున్నాం. కానీ అంగీ మాట వినగానే దేవదాస్ మొహం పాలిపోయింది. ఇస్త్రీ అంగీ మనిషి కదా.

“మరేం చేయాలె రాజమన్నా?” అన్నాడు.

“మా కంపెనీది తీసుకోండ్రి. అసలుది. బిల్లిస్త, తాళమిస్త. మీ పాత ఫైళ్లన్ని గిట్ల తెరుస్తది.” చిటిక వేశాడు.

“అన్నీనా?” అన్నాను.

“జక్రయ్యా, ఏదన్న ఒకటి పెట్టు. నీ చేతులతోనే పెట్టు.”

అప్పుడే గీసిన బియ్యం మిల్లు నక్షా ఒకటి ఇచ్చాను. వాడు తోలు సంచిలో తెచ్చిన చిన్న కంప్యూటర్‌లో పెట్టాడు. తెరుచుకుంది. గీతకు గీత, అంకెకు అంకె. కొత్త నక్షా కాబట్టి అందులో గీకి మార్చిన అంకెలేవీ లేవు. ఆ సంగతి ఆ వేళ మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. దేవదాస్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

బాపు మాత్రం తెర దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. “బొమ్మ పోతే మళ్ల గీసుకుంటం బిడ్డా. మా అంకెలు పోవు గదా?” అన్నాడు.

“దర్వాజ తెరిసినంత మాత్రాన ఇంట్ల సామాను మాయమైతదా బాపూ?” అన్నాడు రాజం. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. “ఒక్క అంకె పోయినా నన్ను లక్ష్మీరాజం అని పిలువకుండ్రి.”

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిన్నాడు. “అవ్వా, నీ చేతి తొక్కు తింటే ఇంకో ఇంట్ల తిన బుద్ధికాదు” అన్నాడు. అవ్వ ఇంకో ముద్ద వేసింది. వేళ్లు ఒక్కొక్కటే నాకాడు. ఆ వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు ఆడతాయి.

తర్వాతి వారం వచ్చి ఫైళ్లన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేశాడు. పాత ఫైళ్లనూ పాత సాఫ్ట్‌వేర్‌నూ కంప్యూటర్‌లోంచి తుడిచేశాడు. ఆ పైన ఫ్లాపీలన్నీ బయటికి తీయించాడు.

“ఇవిట్ల మా నక్షాలే ఉన్నయి. వీటినెందుకు?” అన్నాను.

“నక్షాల మీద గూడ గా దొంగ సాఫ్ట్‌వేర్ ముద్ర ఉంటది జక్రయ్యా. తనిఖీకొచ్చినోడు ఫ్లాపీ పెట్టి సూస్తే అయిపాయె. కాలబెట్టుండ్రి.”

ఇంటెనక పాత రేకుడబ్బాలో వేసి కాల్చాం. కిరసనాయిలు నేనే పోశాను. ఫ్లాపీలు ముడుచుకుపోయి నల్లగా కారాయి. ఆ కంపుకు పక్కింటివాళ్లు తలుపులు మూసుకున్నారు. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“ఏం పీనుగను కాలుస్తున్నర్రా?”

“దొంగ సొమ్మవ్వా” అన్నాడు దేవదాస్ నవ్వుతూ.

మళ్లీ వెనక్కి పోయే బాట లేకుండా చేయడమే వాడి వ్యాపారమని నాకప్పుడు తెలియదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో దాచిన ఫైలును పాతది తెరవలేదు. పాతది ఇప్పుడు అసలే లేదు. పైగా తాళం వచ్చి ప్రింటరు జాగాలో కూర్చుంది. దానికి మా ప్రింటరు తగిలిస్తే కాగితం నిండా చీమలు పాకినట్టు ఏవో గుర్తులు పడ్డాయి.

“మా దుకాణంల పెద్ద ప్రింటరుంది. ఫైలు తెచ్చుకోండ్రి, తీసిస్త” అన్నాడు రాజం.

అట్లా మా నక్షా మా ఇంట్లో కాగితం మీదికి రావడం ఆగిపోయింది. మిల్లు బుష్‌ల నక్షాలను దేవదాస్ రాజం దుకాణంలోనే తీయించి, అటునుంచి అటే లేత్‌కు ఇచ్చి వచ్చాడు. బాపు చూడలేదు. అంకెలు ఎండాకాలమే ఎక్కించేశాను కదా అని నేనూ తెర మీద తెరిచి చూడలేదు. చూడాలని బాపు అడిగితే, “ఇంక నువ్వు జర ఆరాం చెయ్యి బాపూ, అంత కంప్యూటర్ సూసుకుంటది” అన్నాడు అన్న.

దీపావళి దాటింది. మిల్లు భట్టీ వెలిగించే ముహూర్తం పెట్టారు. ఎడపల్లి రైతులకు కోత చిట్టీలు పోయాయి. చెరుకు కొట్టి బండ్లకెత్తి తెచ్చి మిల్లు గేటు ముందు వరసగా నిలబెట్టారు. కొట్టిన చెరుకు ఆగదు. ఎండకు ఆరిన కొద్దీ తూకం పోతుంది, రసం పోతుంది. నిలబెట్టినంతసేపు నిలబెట్టి, చివరికి ఆరిపోయిన తూకానికే డబ్బులిస్తారు. ఆ రూపాయి ఎక్కడా రాసి ఉండదు, గాలికి పోతుంది.

ముహూర్తానికి ముందురోజు బాపూ నేనూ మిల్లులో ఉండగానే బుష్‌లు వచ్చాయి. కొత్త ఇత్తడి తళతళలాడుతోంది. మిల్లు ఫిట్టర్ హన్మండ్లు ఒకదాన్ని రోలరు మెడకు తొడిగాడు. తొడిగి చేయి వదిలాడు. బుష్ గడగడమని ఊగి వంకరగా వేలాడింది.

హన్మండ్లు దాని వంక చూశాడు, బాపు వంక చూశాడు. సందులో తన చిటికెన వేలు పెట్టి అటూ ఇటూ ఆడించాడు.

“పోశన్నా, నువ్వు కొలిచింది రోలరునా, రోకలినా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు. “నక్షా ఇటియ్యి” అన్నాడు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. ఎంతసేపో పట్టుకున్నాడు.

“ఇది మిల్లు కొన్ననాటి అంకె. దీన్ని నేను ఎన్నడో గీకేసిన. మళ్ల ఎట్ల వచ్చింది?” అన్నాడు.

ఎవరినీ అడిగినట్టు లేదు ఆ మాట. చచ్చినవాడు ఎదురొస్తే అడిగినట్టుంది.

చిన్నగా తీసిన బెజ్జాన్ని పెద్దది చేయవచ్చు. పెద్దగా తీసిన దాన్ని చిన్నది చేయలేం. మళ్లీ పోతపోయాలి, మళ్లీ లేత్ ఎక్కించాలి. గోడకు తెల్లగా సున్నం. పోయిన ఏడాది ప్రింట్లతో గ్రీజు తుడిచి భట్టీలో పడేశారు. సేటు గల్లా గదిలోంచి పరుగెత్తుకొచ్చి, బుష్‌ను చూసి, మళ్లీ లోపలికి పోయాడు.

గేటు దగ్గర రైతులకు సంగతి తెలిసింది. ఎడపల్లి ముత్తవ్వ బండి మీద చెరుకు మోపు మీదే కూర్చుని ఉంది. మొగుడు పోయాక సేద్యం తానే చేసుకుంటున్న మనిషి.

“ఏమైందట?” అని అరిచింది.

“బుష్ వదులైందట” అన్నాడు ఎవరో.

“పెండ్లి ఉంగరమా వదులైతందుకు? దారం సుట్టుకొని పెట్టుకోమనుండ్రి సేటును!” రైతులు గొల్లుమన్నారు. వెంటనే ఆమె గొంతు మారింది. “నవ్వుతున్నరు గని, నా చెరుకు నవ్వుతలేదు. ఎవడాడు నక్షా గీసినోడు? ఆన్ని తోలుకరాండ్రి, ఈ మోపు ఆని నెత్తిన పెట్టి ఎండల నిలబెడ్త.”

బాపు ఆ బండి పక్కనుంచే నడిచాడు. ఆమె బాపును ఎరగదు. “జర జరుగు పెద్దమనిషీ, ఎద్దు పొడుస్తది” అంది, మెత్తగానే.

మర్నాడు ముగ్గురం నిజామాబాద్ పోయాం. రాజం తన దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. గోడకు పెద్ద అక్షరాలతో బోర్డు: ‘నమ్మకమే మా పెట్టుబడి’. దాని కింద చెత్తబుట్టలో వక్క ఉమ్మి.

ఫైలు తెరిచి చూశాడు. అస్సలు కంగారుపడలేదు. అప్పుడే అనుకోవాల్సింది, వాడికిది ముందే తెలుసని.

“ఫైలు మంచిగనే ఉంది బాపూ. తప్పు మీ కాడ ఉంది. గీత ఒకటి గీసిండ్రు, అంకె ఇంకోటి రాసిండ్రు. మా సాఫ్ట్‌వేర్ గీతను కొలుస్తది, ఉన్న కొలతే సూపెడ్తది. మీరు రాసిన అబద్ధాన్ని ఒప్పుకోదు.”

“అబద్ధమా?” అన్నాడు బాపు.

“మరేందది? బొమ్మ మీద లేని కొలత రాస్తే ఏమంటరు?”

“అంకెలు పోవన్నవు గదా బిడ్డా.”

“ఫైలు తెరుస్తదన్న. తెరువలేదా? చెప్పుండ్రి, తెరువలేదా?” ముగ్గురి మొహాల్లోకీ మార్చి మార్చి చూశాడు. “ఇంకో మాట. అంకెలు యాడికి పోలే. లోపలనే ఉన్నయి. వచ్చే వెర్షన్‌ల కనవడ్తయి. గది గూడ మీకే ముందుగాల ఇప్పిస్త.”

“మా బుష్‌లు వచ్చే వెర్షన్ దాంక ఆగుతయా?” అన్నాను. “నీ మాట నమ్మే గదా అన్నీ కాలబెట్టినం. నీ మీద కంప్లైంట్ ఇస్త.”

“ఇయ్యి జక్రయ్యా, జరూర్ ఇయ్యి.” గొంతు ఇంకా మెత్తబడింది. “ఇంతకు ముందు ఏం వాడేటోళ్లని అడుగుతరు. నేనైతే అబద్ధం చెప్పలేను మరి. మీ చాయ్ సల్లారుతుంది, తాగుండ్రి.”

చాయ్ మీద మీగడ మడతలు పడి ఉంది. వీడు మా అవ్వ చేతి అన్నం తిని నాకిన వేళ్లతోనే ఇప్పుడు మా వైపు గ్లాసు జరుపుతున్నాడు.

“దేవదాస్, జర ఇట్ల రా” అని అన్నను అద్దాల గదిలోకి పిలిచాడు. మాటలు వినబడలేదు. రాజం నోరు ఆడుతోంది, అన్న తల ఊగుతోంది. మధ్యలో రాజం చేయి అన్న భుజం మీదికి ఎక్కింది. అద్దం అవతల ఇదంతా చేపలతొట్టిలో చూసినట్టుంది. బాపు మాత్రం అటు చూడలేదు. ఒళ్లో నక్షా కాగితం పెట్టుకుని, గోటితో ఆ అంకెను గీకుతూ కూర్చున్నాడు. అది ట్రేసింగ్ గుడ్డ కాదు. చిరిగింది.

ఆ మరుసటి రోజు సేటు పిలిపించాడు. గదిలోకి పోయేసరికి రాజం అక్కడ ఉన్నాడు, తోలు సంచి ఒళ్లో పెట్టుకుని. బయట బండ్ల దగ్గర ఎద్దుల మెడగంటలు, రైతుల కేకలు. బుష్‌లకు కొత్తగా పోత మొదలైంది. కొందరు రైతులు ఆగలేక సగం ధరకు బెల్లం వండేవాళ్లకు తోలుకుపోయారు. వాళ్లలో ముత్తవ్వ కూడా ఉందని హన్మండ్లు చెప్పాడు.

సేటు అరవలేదు. “నాకు ఒక్కటే చెప్పు దేవదాస్. గల్తీ ఎవరిది? సాఫ్ట్‌వేర్‌దా, మీదా?”

దేవదాస్ గోడ మీది క్యాలెండర్ వంక చూశాడు.

“సాఫ్ట్‌వేర్‌ల ఏం లేదు సేటూ. బాపు అంకెలే తప్పున్నయి. ముసలోడైండు గదా.”

నేను నోరు తెరిచాను. బాపు నా ముంజేయి పట్టుకున్నాడు. గట్టిగా ఏం కాదు. మరో చేత్తో కళ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, వాటి డబ్బాలో పెట్టి మూత వేశాడు. అది టక్కుమంది.

“ఔ సేటూ. అంకెలు నాయే” అన్నాడు.

ఇద్దరం బయటికి వచ్చాం. బస్సు కోసం ఎడపల్లి దాకా నడిచాం. దారంతా బండ్లలోంచి రాలిన ఎండు చెరుకాకు కాళ్ల కింద పెళపెళలాడింది.

“ఎందుకన్నవు బాపూ గట్ల?” అన్నాను.

“నేను అన్నదాంట్ల అబద్ధమేమున్నది? అంకెలు నాయి కాదా?”

“వాడు నిన్ను అమ్ముకున్నడు.”

బాపు కొంచెం దూరం నడిచాడు. “పరాయోని ముంగట ఇద్దరు కొడుకులు కొట్లాడితే సూడ నాకు బుద్ధికాలేదురా” అన్నాడు.

మిల్లు ఆలస్యంగానే అయినా నడిచింది. నక్షాల పని మాత్రం మా చేతుల్లోంచి పోయింది. బోధన్ మెయిన్ రోడ్డులో రాజం కంపెనీకి డీలరు దుకాణం వెలిసింది. లోపల తిరుగుడు కుర్చీలో మా అన్న. సేటు పని కూడా అక్కడికే పోయింది. ఇది ఎవరు ఎప్పుడు మాట్లాడుకున్నారో చెప్పనక్కర లేదు, అద్దాల గది నేను చూశాను కదా. మిగతా మిల్లుల అంకెల సంగతంటారా, సీజన్ మధ్యలో యంత్రాలు విప్పి కొలవనిచ్చేవాడు ఎవడూ ఉండడు. ఎండాకాలం వచ్చేసరికి, పోశయ్యకు చూపు తప్పిందని ఊరంతా అనుకుంటోంది. చూపు తప్పినవాడికి యంత్రం ఎవడు విప్పుతాడు?

ఎండాకాలం దాకా ఎందుకు, ఆ డిసెంబరులోనే దేవదాస్ వేరుపడ్డాడు. పెళ్లాం పిల్లలను ముందే పంపించి, సామాను కోసం తానొక్కడే వచ్చాడు. కంప్యూటర్ వెనకకు వంగి, తిరుపుళితో తాళం మరలు విప్పాడు.

“కంప్యూటర్ నువ్వే ఉంచుకో తమ్మీ” అన్నాడు, దానం చేస్తున్నట్టు.

“మరి తాళం?”

“అది కంపెనీ నా పేరు మీద ఇచ్చింది. ఇంకొకలకియ్యద్దు, రూలు.”

“అండ్ల ఉన్నది బాపు కష్టం.”

“కంప్యూటర్ల ఉన్నది కంప్యూటర్లనే ఉంటది. నేనేమన్న ఎత్తుకపోతున్ననా?” తాళాన్ని జేబులో వేసుకున్నాడు, పెన్ను పక్కన. జేబు మీద చిన్న ఉబ్బు కనబడింది.

వాడు పోయాక నేను పోయి చేతులు కడుక్కున్నాను. దేన్నీ ముట్టుకోలేదు, అయినా కడుక్కున్నాను.

క్రిస్మస్ వచ్చింది. ఇల్లు బోసిగా ఉందని అవ్వ పెట్టె తెరిచి, ఉడకబెట్టిన నక్షాల గుడ్డలన్నీ బయటికి తీసింది. ఒకదానికొకటి కలిపి కుట్టి, కిటికీలకు పరదాలు కట్టింది. తెల్లగా బాగున్నాయి. చర్చి నుంచి వచ్చి బాపు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. సేటు గది నుంచి వచ్చినప్పటి నుంచి ఆయన కళ్లద్దాలు పెట్టుకోవడం తగ్గించాడు.

దేవదాస్ వచ్చాడు. చేతిలో కేకు డబ్బా.

“హ్యాపీ క్రిస్మస్ బాపూ. రాజమన్న పంపిండు. నిజామాబాద్ బేకరీది.”

అవ్వ డబ్బా అందుకుని బల్ల మీద పెట్టింది. ఎంతైనా పెద్ద కొడుకు. మూత తీసింది. గులాబీరంగు క్రీము మీద రాజం కంపెనీ పేరు రాయించి ఉంది. పండగనాడు కూడా బోర్డు పెట్టకుండా ఉండలేని జాతి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ కత్తి తేలేదు.

గాలికి పరదా లేచింది. ఎండ దాని మీద పడింది. అప్పుడు కనబడ్డాయి. తెల్లగుడ్డలో అక్కడక్కడా వెలుగు సూటిగా దూరుతున్న చిన్న చిన్న జాగాలు. ఏటేటా బ్లేడు పడి గీకి గీకి పలచబడ్డ చోట్లు అవి. ఉడకబెట్టి, బండకేసి ఉతికేసరికి కొన్ని చిరుగులు పట్టాయి, కొన్ని బెజ్జాలే అయ్యాయి. గీత ఒక్కటి కూడా మిగలలేదు. అంకెలు ఉండిన చోట్లే మిగిలాయి.

బాపు పరదా అంచు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. కళ్లద్దాలు లేకుండానే, వేలితో తడిమాడు.

“ఇది పై రోలరు మెడ” అన్నాడు. వేలు జరిపాడు. “ఇది కింది రోలరుది. ఇది గేరు పండ్ల చక్రం.”

అన్న కేకు డబ్బా మీద చేయి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు.

“అంకె ఎంత బాపూ?” అన్నాను.

బాపు మొదటి బెజ్జం దగ్గరికే మళ్లీ వచ్చాడు. అవ్వ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది.

“అంకె యాదికొస్తలేదురా. గీకిన జాగ యాదికున్నది” అన్నాడు.

చిటికెన వేలు ఆ బెజ్జంలో పెట్టాడు. అవతలి పక్క, ఎండలో, వేలి కొస కనబడింది. అది అందులో వదులుగా ఆడుతోంది.